వితండవాదికి ఒక నమస్కారం

"తాతయ్యా, నాట్ గిల్టీ అనడానికి తెలుగులో ఏమనాలి?"

న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట ఉన్న రోజుల్లో, ఒక రాత్రి భోజనాల బల్ల దగ్గర మా మనవడు అడిగిన ప్రశ్న ఇది. ముప్ఫై మూడేళ్ళు పిల్లలకు అర్థతాత్పర్యాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి, తడుముకోలేదు. "నిర్దోషి" అన్నాను. "మరి ఇన్నొసెంట్‌కి?" అన్నాడు. "అదీ నిర్దోషే" అన్నాను. "రెండింటికీ ఒకే మాటా?" అని, నా మీద ఉన్న గౌరవం కొంచెం తగ్గినట్టుగా ఒక చూపు చూసి, పుస్తకం పుచ్చుకొని మేడమీదికి వెళ్ళిపోయాడు.

ఆ పుస్తకం రెజినాల్డ్ రోజ్ రాసిన 'ట్వెల్వ్ యాంగ్రీ మెన్' నాటకం. వాడి ఎనిమిదో తరగతిలో ఆ నెలంతా ఇంగ్లీషు పాఠం అదే. వాడితోపాటు నేనూ చదివాను. చదివిన కొద్దీ నేను చెప్పిన జవాబు ఎంత తప్పో తెలిసివచ్చింది. దానితోపాటు, ఆ నాటకాన్ని తరగతిలో బోధిస్తున్న తీరు మీద ఒక అభ్యంతరం కూడా మనసులో బలపడింది. దానిని మిత్రుల ముందుంచడానికే ఈ టపా.

కథ తెలిసినవారే ఎక్కువమంది ఉంటారు గనుక క్లుప్తంగా చెబుతాను. తండ్రిని కత్తితో పొడిచి చంపాడన్న అభియోగం మీద ఒక మురికివాడ కుర్రవాణ్ణి విచారించారు. సాక్ష్యాలు ముగిశాయి. పన్నెండుమంది జూరీ సభ్యులను ఒక గదిలో పెట్టి తలుపు వేశారు. వారు ఏకగ్రీవంగా దోషి అంటే మరణశిక్ష తప్పదు. తొలి ఓటులో పదకొండుమంది దోషి అంటారు. ఎనిమిదో సభ్యుడు ఒక్కడే కాదంటాడు. ఇక అక్కడినుంచి ఒక్కొక్కరి మనసు ఎలా మారిందన్నదే నాటకం. 1954లో రోజ్ స్వయంగా న్యూయార్కులో ఒక జూరీలో కూర్చున్నాడు. ఆ అనుభవంలోనుంచే ఇది పుట్టింది. ఆ ఏడాది సెప్టెంబరు 20న సీబీఎస్ వారి 'స్టూడియో వన్' కార్యక్రమంలో టెలివిజన్ నాటకంగా ప్రసారమైంది. 1957లో సిడ్నీ లుమెట్ దీనిని చలనచిత్రంగా తీశాడు. దర్శకుడిగా ఆయనకు అదే తొలి చిత్రం. ఎనిమిదో సభ్యుడిగా హెన్రీ ఫోండా నటించాడు. 1986లో బాసు చటర్జీ హిందీలో 'ఏక్ రుకా హువా ఫైస్లా' అని తీసినది దీనినే. అప్పటికి మన దేశంలో క్రిమినల్ కేసులకు జూరీయే లేదు. లేని వ్యవస్థ మీద తీసిన చిత్రాన్ని మనవాళ్ళు అంత ఆసక్తిగా చూశారంటే, అందులో చట్టం కన్న వేరే ఏదో ఉన్నదన్నమాట.

మా మనవడి తరగతిలో పాఠం చెప్పే పద్ధతి నాకు బాగా నచ్చింది. ముందది చెప్పాలి. మన బళ్ళలో మాదిరి ఉపాధ్యాయుడు చదవడం, పిల్లలు వినడం కాదు. చీట్లు తీసి పాత్రలు పంచారు. పన్నెండుమంది పిల్లలు బల్ల చుట్టూ కూర్చుంటారు, మిగతావారు చూస్తారు, మరునాడు మారతారు. గోడ మీద ఒక పెద్ద కాగితం. ఎన్నో పుటలో ఎవరి ఓటు మారింది, ఏ సాక్ష్యం వలన మారింది అని దాని మీద రాస్తూ పోతారు. నాటకం చదవడం పూర్తయిన తరువాతే సినిమా చూపిస్తారు. ఇంత చక్కగా నేనేనాడూ పాఠం చెప్పలేదు.

అయితే చివర ఇచ్చిన ప్రశ్నపత్రంలో ఒక ప్రశ్న చూసి ఆగిపోయాను. ఎనిమిదో సభ్యుడు ఆ బాలుడి నిర్దోషిత్వాన్ని ఎలా నిరూపించాడో మూడు ఆధారాలతో వివరించాలట. మావాడు ఒకటిన్నర పుటల వ్యాసం రాశాడు. మంచి మార్కులే వచ్చాయి.

నా అభ్యంతరం ఇక్కడే. ఎనిమిదో సభ్యుడు ఏమీ నిరూపించలేదు. నిరూపిస్తానని అననూ లేదు. మొదటే అతనిని మీరు ఆ కుర్రవాణ్ణి నమ్ముతున్నారా అని అడిగితే, నమ్ముతున్నానో లేదో తెలియదంటాడు. ఒక ప్రాణం తీసే ముందు కొంతసేపు మాట్లాడుకుందామంటాడు, అంతే. ఆ తరువాత అతను చేసినదంతా ఎదుటివారి సాక్ష్యాన్ని పట్టుకొని లాగి చూడడం. ఒక్కొక్కటీ చూడండి. ఇలాంటి కత్తి మరొకటి లేదని కొట్టువాడు చెప్పాడని అందరూ అంటూ ఉంటే, అలాంటిదే ఇంకొకటి జేబులోనుంచి తీసి బల్లలో గుచ్చుతాడు. దానివలన తేలిందేమిటి? హత్య చేసిన కత్తి ఆ కుర్రవాడిది కాకపోవడానికి వీలున్నదని. కాదని కాదు. పక్షవాతం వచ్చి కాలు ఈడ్చుకుంటూ నడిచే ముసలివాడు పదిహేను సెకన్లలో పడకగదినుంచి వీధి తలుపు దగ్గరికి చేరలేడని నడిచి చూపిస్తాడు. దానివలన తేలినది, ఆ ముసలివాడి మాట కచ్చితం కాదని. పారిపోయినవాడు వేరొకడని కాదు. కదిలిపోతున్న రైలు కిటికీలలోనుంచి హత్యను కళ్ళారా చూశానన్న స్త్రీ ముక్కు మీద కళ్ళజోడు గుర్తులున్నాయి. పక్కమీద పడుకున్న మనిషి కళ్ళజోడు పెట్టుకొని ఉండదు కదా అన్న ఊహ. అది ఊహే. ఆమె నిజంగా చూసి ఉండనూ వచ్చు.

ఇంకొక సంగతి. కుర్రవాడు ఆ సాయంత్రమే అలాంటి కత్తి కొన్నాడు. అది జేబు చిరుగులోనుంచి జారిపోయిందన్నాడు. ఆ రాత్రే అచ్చం అలాంటి కత్తి తండ్రి గుండెలో దిగింది. చూసి వచ్చానన్న సినిమా పేరు చెప్పలేకపోయాడు. ఇన్ని యాదృచ్ఛికాలు ఒక్క రాత్రే ఎలా కలిశాయని నిదానంగా ఆలోచిస్తే, వాడే చంపి ఉండవచ్చునని నాకూ అనిపిస్తున్నది. ఈ మాట మా మనవడితో అంటే వాడు నిర్ఘాంతపోయాడు. "అయితే ఎనిమిదో అతను తప్పు చేశాడా?" అన్నాడు. చేయలేదురా, ఈ నాటకమంతా అదే, అన్నాను.

ఇక్కడ నాకు ప్రాచ్య కళాశాలలో తర్కం చెప్పిన గురువుగారు జ్ఞాపకం వచ్చారు. గౌతముని న్యాయసూత్రాలలో పదహారు పదార్థాలున్నాయి. వాటిలో సంశయం ఒకటి. అంటే సంశయానికి శాస్త్రంలో ఒక ఆసనం వేసి కూర్చోబెట్టారు. ఆ పదహారింటిలోనే వాదం, జల్పం, వితండ అని చర్చలో మూడు రకాలు. సత్యం తెలుసుకోవడానికి ఇద్దరూ ప్రమాణాలతో మాట్లాడుకుంటే వాదం. గెలవడానికి మాట్లాడితే జల్పం. తనదంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాడి పక్షాన్ని ఖండిస్తూ పోతే వితండ. ఇప్పుడు మన వాడుకలో "వితండవాదం చేయకు" అంటే అది తిట్టు. మొండివాడినీ, అడ్డదిడ్డంగా మాట్లాడేవాడినీ వితండవాది అంటాము. నేనూ తరగతిలో ఎందరిని అన్నానో లెక్కలేదు. కాని అదే శాస్త్రంలో జల్ప వితండల ప్రయోజనం చెబుతూ ఒక మంచి ఉపమానం ఇచ్చారు. మొలకలను పశువులు మేయకుండా చుట్టూ ముళ్ళకంప వేస్తామే, అలాగే నిర్ణయానికి వచ్చిన సత్యాన్ని కాపాడడానికి ఈ రెండూ అవసరమట. కంపను ఎవరూ పంట అనరు. కంప లేకపోతే పంట దక్కదు.

ఆ లెక్కన ఎనిమిదో సభ్యుడు అచ్చమైన వితండవాది. తనకంటూ ప్రతిపాదన లేదు. మరెవరు చంపారో చెప్పడు, చెప్పవలసిన పనీ లేదు. నేరం మోపినవారిదే నిరూపించే భారం. సహేతుకమైన సందేహం మిగిలితే చాలు, శిక్ష వేయకూడదు. ఆంగ్ల న్యాయపద్ధతిలో ముద్దాయి తరఫున నిలబడడమంటే గౌరవనీయమైన వితండ చేయడమే. నైయాయికులు వితండలో ఛలం కూడా ఉంటుందన్నారు. అదీ ఉన్నది ఇందులో. నిన్ను చంపేస్తానని కుర్రవాడు అరిచాడన్నది ఒక సాక్ష్యం కదా, ఎనిమిదో సభ్యుడు మూడో సభ్యుణ్ణి కావాలనే రెచ్చగొట్టి, అతని నోటివెంటే ఆ మాట వచ్చేటట్టు చేసి, అంటే నిజంగా చంపుతావనా అర్థం అని అడుగుతాడు. నాటకం మొత్తం మీద అత్యంత చతురమైన ఘట్టం అది. కొంచెం మోసం కూడా. నాకు మాత్రం అతని మీద అభిమానం పెరిగినది అక్కడే.

ఇతన్ని ధీరోదాత్త నాయకుడిగా, సత్యం ముందే తెలిసిన మహాత్ముడిగా బోధిస్తే పిల్లలు నేర్చుకునేది ఒక్కటే. మంచివాడు చివరకు గెలుస్తాడు, నిందపడినవాడు ఎప్పుడూ అమాయకుడే అని. ఈ రెండింటిలో ఏదీ నిజం కాదు. రేపు ఆ పిల్లలు జూరీలో కూర్చుంటారు. ఎదురుగా ముద్దాయి స్థానంలో చూడగానే జాలి పుట్టని మనిషి ఉంటాడు. అప్పుడు ఈ పాఠం అక్కరకు రాదు.

అన్నట్టు, ఈ నాటకం ప్రస్తావన వస్తే మనవాళ్ళకు వెంటనే వికర్ణుడు గుర్తుకు వస్తాడు. మా అల్లుడూ అదే అన్నాడు. నన్నయగారి సభాపర్వం పాఠం చెప్పినవాణ్ణి, ఆ పోలిక నాకూ ముచ్చటగానే ఉన్నది. నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలెవరూ జవాబివ్వనప్పుడు దుర్యోధనుడి తమ్ముడే లేచి, ఆమె అధర్మవిజిత అన్నాడు. కాని వికర్ణుడికి పక్షం ఉన్నది. జూదం రాజులకు వ్యసనమనీ, తన్ను తాను ఓడిన తరువాత ధర్మరాజు ఆమెను ఒడ్డాడనీ, ఆమె అయిదుగురికీ భార్య అనీ, శకుని ప్రేరేపిస్తే పణంగా పెట్టాడనీ కారణాలు చెప్పి సిద్ధాంతం చేశాడు. కర్ణుడు కుర్రవాడివి నోరు మూసుకోమన్నాడు. అంతటితో సరి. ఆ సభలో ఒక్కడి అసమ్మతికి విలువ కట్టే నియమం లేదు. తరువాత వికర్ణుడు కౌరవుల పక్షానే యుద్ధం చేసి భీముడి చేతిలో పోయాడు. ఎనిమిదో సభ్యుడిని బ్రతికించినది అతని గుణం ఒక్కటే కాదు, ఏకగ్రీవం కావాలన్న నియమం. ఆ నియమం లేకపోతే పదకొండుమందీ అయిదు నిమిషాలలో సంతకాలు పెట్టి ఏడో సభ్యుడితోపాటు బేస్‌బాల్ ఆటకు పోయేవారు.

అమెరికాలో కూడా ఆ నియమం అంతటా లేదని తెలిసి ఆశ్చర్యపోయాను. లూసియానా, ఆరిగాన్ రాష్ట్రాలలో చాలాకాలం పన్నెండింట పదిమంది ఒప్పుకుంటే చాలు, చాలా నేరాలకు శిక్ష పడేది. 2020లో రామోస్ కేసులో వారి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన తరువాతే తీవ్రమైన నేరాలకు ఏకగ్రీవం అన్ని రాష్ట్రాలకూ తప్పనిసరి అయింది. గోడమీద ఓట్ల లెక్క రాయించే తరగతిలో ఈ సంగతి కూడా చెప్పి, ఇక్కడ పదిమంది చాలునంటే ఏ పుటలో నాటకం ముగిసేదో చూడండి అని అడిగితే ఎంత బాగుండేది! మన దేశంలో 1959 నాటి నానావతి కేసు ఇంకొక రకం పాఠం. తొమ్మిదిమంది జూరీలో ఎనిమిదిమంది దోషి కాడన్నారు, ఒక్కడు దోషి అన్నాడు. పత్రికలూ జనమూ ఆ నౌకాదళ అధికారి పక్షాన ఉన్నారు. న్యాయమూర్తి ఆ నిర్ణయాన్ని అంగీకరించక హైకోర్టుకు పంపాడు, అక్కడ శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ గదిలో ఒంటరిగా నిలిచిన తొమ్మిదో మనిషి గురించి ఎవరూ నాటకం రాయలేదు. ఒంటరివాడు ఎప్పుడూ ముద్దాయి పక్షానే ఉండాలని లేదు కదా.

నాటకంలో లోపాలు లేకపోలేదు. జూరీ సభ్యుడు బయటికి పోయి కత్తి కొని తేవడం చట్టరీత్యా తప్పు. కోర్టులో చూపించిన సాక్ష్యం తప్ప వేరేది వారు చూడకూడదు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సోనియా సోటోమేయర్ తాను న్యాయవృత్తిలోకి రావడానికి ఈ సినిమా ప్రేరణ అని 2010లో ఫోర్డామ్ విశ్వవిద్యాలయంలో చెప్పారు. కింది కోర్టులో ఉన్నప్పుడు మాత్రం జూరీలకు ఈ చిత్రంలోవలె చేయవద్దని చెప్పేదాన్నని కూడా అన్నారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి అనడం నాకు నచ్చింది.

ఇక మా మనవడికి వచ్చిన పాత్ర సంగతి. చీటీలో వాడికి పదో సభ్యుడు వచ్చాడు. అందరిలోకీ అసహ్యమైన పాత్ర. మురికివాడల వాళ్ళంతా పుట్టుకతోనే అబద్ధాలకోరులనీ, తాగుబోతులనీ, ప్రాణమంటే లెక్కలేనివాళ్ళనీ చివర్లో పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. సినిమాలో అతను మాట్లాడుతూ ఉండగానే ఒక్కొక్కరు లేచి వీపు తిప్పి నిలబడతారు. వాడు ఇంట్లో ఆ ఉపన్యాసం అభ్యాసం చేస్తూ ఉంటే మిగిలిన పదకొండుమందీ నేనే. వాడు మొదలుపెట్టగానే నేను కుర్చీలోనుంచి లేచి గోడవైపు తిరగాలి. మా ఆవిడ ఒకసారి తొంగిచూసి తాతామనవలు పోట్లాడుకున్నారేమోననుకున్నది.

మూడో సారో నాలుగో సారో వాడు మధ్యలో ఆపి, "తాతయ్యా, 'వాళ్ళు' అంటే ఎవరు?" అన్నాడు. నిజమే. పుస్తకమంతా వెదికినా ఆ కుర్రవాడి జాతి ఏమిటో, ఏ దేశంనుంచి వచ్చినవారి బిడ్డో రచయిత చెప్పలేదు. వాడికి పేరు కూడా లేదు. పన్నెండుమందికీ పేర్లు లేవు, అంకెలే. ప్రవర చెప్పనిదే నమస్కారం పెట్టని మనకు ఇది వింతగా ఉంటుంది. పదో సభ్యుడి ద్వేషమంతా "వాళ్ళు" అనే ఒక్క సర్వనామం మీద నిలబడి ఉన్నది. వ్యాకరణంలో సర్వనామమంటే నామానికి బదులు వచ్చేది. ఏ నామానికి బదులు అని అడిగితే జవాబు ఉండాలి. ఇక్కడ లేదు. ప్రతి దేశంలో ప్రతి ప్రేక్షకుడూ తన ఊళ్ళో ఉన్న "వాళ్ళను" అందులో పెట్టుకుంటాడు. మా మనవణ్ణి మీ క్లాసులో ఎవరిని అనుకుంటున్నారురా అని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కొక్కటి అనుకుంటున్నారట. ఒక పిల్లవాడు "మీరేనేమో" అన్నాడట మావాణ్ణి. నవ్వుతూనే చెప్పాడు.

పదకొండో సభ్యుడు వలస వచ్చిన గడియారాల పనివాడు. జూరీ విధి అంటే అందరికన్న అతనికే ఎక్కువ గౌరవం. మా అల్లుడికి పౌరసత్వం వచ్చిన మరు సంవత్సరమే జూరీకి రమ్మని పిలుపు వచ్చింది. ఎలా తప్పించుకోవాలా అని నలుగురు స్నేహితులకు ఫోన్లు చేశాడు. మనవడు బల్లమీదినుంచి పుస్తకం ఎత్తి, "నాన్నా, నువ్వు ఏడో నంబరు" అన్నాడు. ఆ తరువాత అతను వెళ్ళాడు. ఆ రోజు అతన్ని ఎంచుకోలేదు, అది వేరే సంగతి.

"వాళ్ళు" దగ్గర నేను ఆగిపోవడానికి ఒక కారణం ఉన్నది. ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

1988లో నేను ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతికి క్లాసు టీచర్ని. దసరా సెలవుల ముందు ఒక అమ్మాయి జామెట్రీ పెట్టెలోనుంచి నలభై రూపాయలు పోయాయి. మధ్యాహ్నం గదిలో ఉన్నది ఫలానా అబ్బాయి అని ఇద్దరు చెప్పారు. వాడు సంక్షేమ హాస్టలులో ఉండి చదువుకునే పిల్లవాడు. అడిగితే తీయలేదన్నాడు. మళ్ళీ అడిగితే మాట్లాడలేదు. నాకు కోపం వచ్చింది. "వీడు తీశాడని ఎంతమంది అనుకుంటున్నారు, చేతులెత్తండి" అన్నాను. నలభై ఒక్క చేతులు లేచాయి. మూడో బెంచీలో ఒక ఆడపిల్ల ఎత్తలేదు. ఏమమ్మా అంటే లేచి నిలబడి, "నేను చూడలేదండి మాస్టారూ" అన్నది. "చూడకపోతే కూర్చో" అన్నాను. అదే రోజు స్టాఫు రూములో "ఈ హాస్టలు పిల్లలు ఇంతేనండీ" అన్నాను. ఎవరూ లేచి గోడవైపు తిరగలేదు. ఒకాయన టీ అందించాడు.

రెండు రోజులు వాణ్ణి వరండాలో నిలబెట్టాను. తండ్రిని తీసుకురమ్మన్నాను. సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. హాస్టలులో అడిగితే ఇంటినుంచి తిరిగి రాలేదన్నారు. నేను వాళ్ళ ఊరు వెళ్ళి ఉండవచ్చు. బస్సులో గంటన్నర ప్రయాణం. వెళ్ళలేదు.

కొన్నేళ్ళు వాడే తీశాడని సర్దిచెప్పుకున్నాను. తీయకపోతే పారిపోవడం ఎందుకు అనుకున్నాను. ఆ తరువాత, వయసు పెరిగి మనసు మెత్తబడిన మీదట, వాడు నిర్దోషి అని నిశ్చయించుకున్నాను. ఒక పసివాణ్ణి అన్యాయంగా నిందించానన్న పశ్చాత్తాపం పెట్టుకొని, ఒక విధంగా దానితో సుఖపడ్డాను కూడా. ఈ నాటకం చదివిన తరువాత తెలిసింది ఏమంటే, నా మొదటి నిశ్చయానికి ఎంత ఆధారం ఉన్నదో రెండోదానికీ అంతే ఉన్నది. నాకు తెలియదు. ఆ రోజు ఆ గదిలో ఉన్న నలభై ముగ్గురిలో తెలియదన్న మాట అన్నది ఒక్క పిల్ల. ఆ పిల్లను కూర్చోమన్నది నేను.

ఇది మనవడికి చెప్పాను. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, వాడి నాటకం అయిపోయిన రాత్రి చెప్పాను. వాడు విన్నంతసేపు వ్యాసం కాగితం మడతపెడుతూ కూర్చున్నాడు. "ఇంతకీ వాడు తీశాడా, తీయలేదా?" అన్నాడు. తెలియదన్నాను. "మరి అప్పుడు నాట్ గిల్టీ అనాల్సింది కదా తాతయ్యా" అన్నాడు. అనవలసినదే అన్నాను. "తెలుగులో ఏమనేవాడివి?" అన్నాడు.

మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి నిర్దోషి అనలేకపోయాను. పత్రికలవారు ప్రతిరోజూ "నిర్దోషిగా విడుదల" అని రాస్తారు. ఆ మాట కోర్టు చెప్పినదానికన్న చాలా ఎక్కువ చెబుతున్నది. దోషం లేనివాడని కోర్టు చెప్పలేదు, దోషం నిలబడలేదని చెప్పింది. "అనిరూపితదోషుడు" అంటే వ్యాకరణం సరిపోతుంది గాని పలికేవాడు ఉండడు, మా గురువుగారు తప్ప. "నేరం రుజువు కానివాడు" అంటే అర్థం దగ్గరికి వస్తుంది, కాని అందులో ఏదో దెప్పిపొడుపు ఉన్నది, రుజువు కాలేదు గాని చేసే ఉంటాడన్నట్టు. స్కాట్లండులో శతాబ్దాలపాటు అమలులో ఉన్న "రుజువు కాలేదు" అనే మూడో తీర్పు మీద కూడా సరిగ్గా ఈ ఫిర్యాదే ఉండేదట. "అభియోగముక్తుడు" పరవాలేదు, కాని పుస్తకం వాసన వేస్తున్నది. పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీలలో "తేలలేదు" అనేవారు. "ఆ సంగతి తేలలేదయ్యా" అని లేచిపోయేవారు. మనిషికి అంటించడానికి వీలు కాదు గాని, నాకైతే ఇప్పటివరకు దొరికిన మాటలలో అదే మెరుగుగా కనిపిస్తున్నది.

మిత్రులలో కోర్టు వాడుక తెలిసినవారూ, మాటలు కట్టడంలో నేర్పున్నవారూ ఉన్నారు. ఇంతకన్న మంచి మాట తోస్తే చెప్పండి. మావాడికి రాసి పంపుతానని మాట ఇచ్చి వచ్చాను.